బొంత పొరల్లో

పత్రికల్లో రాజకీయ వ్యాసాలు చదివేవాళ్ళకి 'అతుకుల బొంత' బాగా అలవాటైన మాట. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అది అతుకుల బొంత. పాత పథకాలకే కొత్త పేర్లు పెట్టి బడ్జెట్ చదివితే అదీ అతుకుల బొంతే. ఒక పెళ్ళిజంటని వెక్కిరించాలంటే 'గంతకు తగ్గ బొంత' అంటారు. ఇంత పాత మాటని ఎవరైనా మెచ్చుకోలుగా వాడిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పుట్టిన నాబోటివాళ్ళలో చాలామందిని మొదట పడుకోబెట్టింది మాత్రం బొంత మీదే. అమ్మమ్మో నాయనమ్మో కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరని నాలుగు మడతలు వేసి కుట్టిన చిన్న బొంత. కొత్త బట్ట పసిపిల్లల ఒంటికి గరుకు. పది పన్నెండేళ్ళు ఒక మనిషి ఒంటి మీద నలిగి, వందల సార్లు బండకి దెబ్బలు తిన్న బట్టకే ఆ మెత్తదనం వస్తుంది. దాన్ని ఏ దుకాణంలోనూ కొనలేం.

పోయిన జనవరి నెలంతా పెద్దపల్లి దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాను. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఇల్లు సర్దాలని అమ్మ, ఆఫీసు పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు కాబట్టి తోడుగా నేను. హైదరాబాద్‌లో నాకు క్రోషే పిచ్చి ఉంది. యూట్యూబ్ చూసి నేర్చుకున్నదే. ఆ నెల నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: కొత్త దారం ఉండ ఒక్కటి కూడా కొనకూడదు, ఇంట్లో ఏ గుడ్డ దొరికితే దానితోనే ఏదైనా చెయ్యాలి. ఇలాంటి నియమాలు నగరంలో ఉండేవాళ్ళకి ఎంత సులువుగా తోస్తాయో, ఎందుకు తోస్తాయో నెల పూర్తయ్యేలోపు తెలిసొచ్చింది.

అమ్మమ్మ సందుగ తెరిచాం. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆమె వారానికోసారి వీధిలోకి వస్తుంది. అన్నీ ఆమెకి ఇచ్చెయ్యాలన్నది అమ్మ ఆలోచన. చివరిసారి కట్టుకున్న చీర అప్పుడే ఇచ్చేశారు. పోయినవాళ్ళ బట్టలు మిగతావైనా ఇంట్లో ఉంచుకోవడం అమ్మకి ఇష్టం లేదు. నేను ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచాను. తవ్వకాల్లో పొరలు బయటపడుతున్నట్టే ఉంది. పైన ఉన్నవి కొత్తవి, కిందికి పోయిన కొద్దీ పాతవి.

అన్నిటికన్నా పైన బతుకమ్మ చీరలు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం. మొదటి ఏడు నాసిరకం చీరలిచ్చారని కొన్నిచోట్ల ఆడవాళ్ళు వాటిని తగలబెట్టిన వార్తలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తర్వాత ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకి వెళ్ళాయి. నేసేది పాలిస్టర్. వాటి కింద ఎనభైల నాటి నైలెక్స్, టెరికాట్ రకాలు. ఇంకా కింద వెలిసిపోయిన రెండు జనతా చీరలు. ఈ జనతా వస్త్రాల పథకాన్ని కేంద్రం 1976లో మొదలుపెట్టింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయల కిలో బియ్యంతో పాటు సగం ధరకి జనతా చీరలు, ధోవతులు ఇస్తామన్నది. అమ్మ ఆ చీర చేతిలోకి తీసుకుని, "దీనికోసం లైన్ల నిలబడ్డం" అన్నది. సందుగ అడుగున ముతక నేతచీర ఒకటి, రెండు ముక్కలై. పక్కన బట్టలో చుట్టిన బరువైన మూట. విప్పితే, ఒక అంచు చిరిగిన పాత బొంత.

మా జిల్లాల బట్టల చరిత్ర దాదాపు అంతా ఆ సందుగలోనే ఉంది. ఇక్కడి నల్లరేగడిలో పత్తి పండుతుంది. ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌కి పెద్ద పేరు. మెట్‌పల్లి ఖాదీకి పేరుపడింది. సిరిసిల్ల చేనేత ఊరుగా మొదలై మరమగ్గాల పట్టణమయింది. తొంభైల చివరినుంచి నేతకార్మికుల అప్పులతో, ఆత్మహత్యలతో వార్తలకెక్కింది. పని దొరకని పద్మశాలీలు షోలాపూర్‌కి, భివండీకి, సూరత్‌కి వలసపోయారు. అలా పోయిన తెలుగు నేతగాళ్ళ చేతుల మీదుగా పేరు తెచ్చుకున్న షోలాపూర్ దుప్పటి తిరిగి ఇదే ఊళ్ళకి వచ్చింది, బొంత పక్కన చేరింది. మా ఇంట్లో చుట్టాలొస్తే ఆ దుప్పటి, మాకు బొంత.

బొంత వేరు, రజాయి వేరు. రజాయికి దూది కావాలి, దాన్ని ఏకడానికి దూదేకుల మనిషి రావాలి, అతనికి కూలి ఇవ్వాలి. బొంతలో దూది ఉండదు. బట్ట మీద బట్ట, అంతే. చుట్టూ పత్తి పండించిన ఇళ్ళలోనే దూది లేని బొంతలు కప్పుకున్నారు, ఎందుకంటే పత్తి అమ్ముకునే సరుకు. ఇంట్లో మిగిలేది చిరిగిన చీరే. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్ళలో చలి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ చలికి ఎన్ని పొరలుంటే అంత మేలు. జిల్లా దాటి మహారాష్ట్రలోకి పోతే దీన్నే గోధడి అంటారు, కర్ణాటకలో కౌది. బెంగాల్ కాంథా బొమ్మల కుట్టుతో ప్రపంచమంతా తెలిసిపోయింది. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్ళు కుట్టే కవంది నాలుగు మూలలా గుడ్డమడతలతో చిన్న పువ్వులు ఉంటాయి. అవి లేకపోతే బొంత బోసిగా ఉన్నట్టట. మా బొంతకి మూలల పువ్వులు కూడా లేవు.

ఊళ్ళో బొంతలు కుట్టడం తెలిసిన అవ్వ ఒకామె ఉందని అమ్మ చెప్పింది. డెబ్బై దాటి ఉంటుంది. పిలిస్తే వచ్చి గడపలో కూర్చుని, చీరల కుప్ప వైపు చూసి నవ్వింది. "గిప్పుడెవలు గప్పుకుంటరు బిడ్డా బొంతలు?" అన్నది. నేను నేర్చుకోవాలని ఉందన్నాను. ఒక్కొక్క చీరనీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి కుప్పలు వేసింది. జనతా చీరలు, రెండు వాయిల్ చీరలు, నేతచీర ముక్కలు, తాత ధోవతి ఒకటి ఒక పక్క. బతుకమ్మ చీరలు, నైలెక్స్‌లు రెండో పక్క. "గివి పనికిరావు. నీళ్ళు తాగవు, చెమట తాగవు. సూది జారుతది" అని తేల్చేసింది.

ఆ ఒక్క మాట నేను చదివిన చాలా వ్యాసాలకన్నా ఎక్కువ చెప్పింది. బొంత ఎందుకు పోయిందంటే ఓపిక పోయిందనీ, పాతవాటి మీద గౌరవం పోయిందనీ అంటుంటాం. అసలు ముందు పోయింది ముడిసరుకు. నూలు చీర పీలికలవుతూ మెత్తబడుతుంది. పాలిస్టర్ రంగు పోకుండా, చిరగకుండా ఏళ్ళు ఉంటుంది, ఎన్నేళ్ళున్నా మెత్తబడదు. చీర చివికితేనే కదా బొంత! ఇప్పుడు మన ఇళ్ళలో చివకని చీరలే గుట్టలుగా ఉన్నాయి.

బొంత పని ఇలా సాగింది. నడింట్లో పాత చాప, దాని మీద అడుగు చీర, నాలుగు మూలలా కదలకుండా నాలుగు రాళ్ళు. దాని మీద ధోవతి, తర్వాత చిరుగులు కత్తిరించిన ముక్కలు. ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఇంకో ముక్క. చివరికి పైచీర, రంగు కాస్త నిలిచినది. అంచులు లోపలికి మడిచి ముందు పెద్ద పెద్ద టాకాలు. ఆ తర్వాతే అసలు కుట్టు: బయటి అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, చదరంలో చదరంగా మధ్యకి రావాలి. సూది పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఇంతకన్నా తేలిక కుట్టు లేదు. మొదటి రోజు నా వరసలు పాము పోయినట్టు పోయాయి. అవ్వ వరస గీత గీసినట్టుంది. మూడో రోజుకి నా వేలి కొస పుండు పడింది. ఏడు పొరల్లోంచి సూది గుంజడం యూట్యూబ్‌లో కనిపించినంత ప్రశాంతమైన పని కాదు.

మధ్యలో ఒక ఆదివారం ధూళికట్ట వెళ్ళాం. మా ఊరికి దూరమేమీ కాదు. శాతవాహనుల నాటి కోట, బౌద్ధ స్తూపం. 1970లలో పురావస్తు శాఖ తవ్వకాల్లో సున్నపురాతి ఫలకాలు, వాటి మీద పడగ విప్పిన ముచిలింద నాగుడు బయటపడ్డాయి. గోదావరి పైకి పోతే నిర్మల్ జిల్లాలో బాదనకుర్తి. బుద్ధుడి దగ్గరికి శిష్యుల్ని పంపిన బావరి ఆశ్రమం అక్కడే ఉండేదని కొందరు చరిత్రకారులు భావిస్తారు. ఆ దిబ్బ మీద నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది శిల్పం కాదు, చీవరం. వినయపిటకంలో చీవరం గురించి ఒక పెద్ద అధ్యాయమే ఉంది. భిక్షువులు చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పారేసిన గుడ్డలు ఏరుకుని కుట్టుకోవచ్చు. మగధలో మళ్ళూ గట్లూ తీర్చిన వరిపొలాలు చూపించి, బట్టని అలా కూర్చగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని, అతను ముక్కలు కోసి అలాగే కుట్టాడని అందులో ఉంది. వానాకాలం ఒకేచోట గడిపాక వచ్చే నెల చీవరాల నెల. దాతలిచ్చిన బట్టని కోసి, కుట్టి, రంగు వేసి, ఆ కఠిన చీవరాన్ని ఒక్క రోజులో పూర్తి చెయ్యాలి. పాత గుడ్డలతో నెల రోజుల పని అని నేను మురిసిపోతున్నది రెండు వేల ఏళ్ళకి పైబడిన క్రమశిక్షణ. ధూళికట్ట భిక్షువులు కూడా ఆ వినయాన్నే పాటించి ఉంటే, కార్తీకం ముందు ఈ వాగు ఒడ్డున కూర్చుని ఎవరో సూది పట్టే ఉంటారు.

ఇంటికొచ్చి ఇదంతా ఉత్సాహంగా అవ్వకి చెప్పాను. ఆమె సూది ఆపకుండా విన్నది. "వాళ్ళు ఇడిసిపెట్టి తిరిగినోళ్ళు బిడ్డా. మాకు ఉంటె గద ఇడిసిపెట్ట" అన్నది. కాసేపాగి మిగతాది చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పెద్దోళ్ళ ఇళ్ళలో బొంతలు కుట్టేది. కూలి కింద కుంచెడు వడ్లు, ఒక పాత చీర. ఆ చీరే వాళ్ళమ్మ కట్టుకునేది. అది ఇంక కట్టుకోను పనికిరానప్పుడు పిల్లలకి బొంత. "ఆ చీర ఎవలిదో ఊరందరికి ఎరుకే. బావికాడికి పోతె, గా పటేలమ్మ చీర గట్టుకున్నవా అని అడుగుదురు. మీకిది ముచ్చట. మాకు గప్పుడు గదే దిక్కు."

నా దగ్గర జవాబు లేదు. భిక్షువు ఏరుకున్న గుడ్డ వైరాగ్యం, కూలిమనిషికి దక్కిన గుడ్డ మాత్రం ఆమె ఎవరి చేతికింద ఉందో ఊరికి చెప్పే గుర్తు. గుడ్డ ఒక్కటే. ఎంచుకునే వీలు ఉందా లేదా అన్నదే తేడా. పాతబట్టల దుకాణంలో కొన్న చొక్కా వేసుకుని ఫొటో పెట్టే మా తరం, ఆ చొక్కా ఎవరిదని బావి దగ్గర ఎవరూ అడగరు కాబట్టే పెట్టగలుగుతోంది. అవ్వ ఇంట్లో ఇప్పుడు బొంత లేదు. బండి మీద తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర కొన్న మింక్ బ్లాంకెట్ ఉంది, ఎర్ర గులాబీలది. ఎంత వెచ్చగా ఉంటుందో, ఎంత తేలిగ్గా ఆరుతుందో మురిపెంగా చెప్పింది. ఇలాంటి దుప్పట్లకి పేరుపడ్డ ఊరు హర్యానాలోని పానిపట్. ఆ ఊరు దశాబ్దాల పాటు ప్రపంచం నలుమూలల నుంచి దిగుమతయిన పాత ఉన్ని బట్టల్ని చింపి, వడికి, కంబళ్ళు నేసింది. అంటే అదీ ఒక రకం బొంతే, కాకపోతే ఎవరి కోటు ఎవరి మీద పడిందో తెలియని బొంత. ఇప్పుడు అక్కడా పాలిస్టర్ దుప్పట్లదే పైచేయి.

రాత్రిళ్ళు నేను రెండో కుప్ప మీద పడ్డాను. పాలిస్టర్ చీరని ఒక కొసనుంచి అంగుళం వెడల్పున తెగకుండా కత్తిరిస్తూ పోతే, ఐదున్నర మీటర్ల చీర ఒక్కటి దాదాపు 250 మీటర్ల పట్టీ అవుతుంది. దాన్ని ఉండ చుట్టి, లావు క్రోషే సూదితో అల్లాను. మూడు బతుకమ్మ చీరలకి గుండ్రటి పట్టా ఒకటి తయారైంది. బరువుగా, మెరుస్తూ, టైల్స్ మీద జారుతూ. అమ్మ దాన్ని గుమ్మం ముందు వేసింది. చివకని చీరకి నాకు తోచిన గతి అదొక్కటే.

క్రోషే కొక్కెం పట్టుకున్నప్పుడల్లా నర్సాపురం గుర్తొచ్చేది. మన దగ్గర ఈ పని మొదలైంది అక్కడే, గోదావరి ఇంకో చివర. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారు. నది వెంట పైకి, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం మిషన్‌లోనూ లేసు పని నడిచింది. నర్సాపురం లేసు విదేశాలకి ఎగుమతయింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1970ల చివర జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వెళ్ళి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించింది. రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్న ఆడవాళ్ళని వాళ్ళ ఇళ్ళవాళ్ళూ, వ్యాపారులూ, ప్రభుత్వమూ ఒకే మాట అన్నారు: ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్ళు, తీరిక సమయంలో అల్లుకుంటారు. కార్మికులు కాదు కాబట్టి జనాభా లెక్కల్లో లేరు, కనీస వేతనమూ లేదు. ఎగుమతి వ్యాపారం మాత్రం మగవాళ్ళది.

లేసు మార్కెట్‌కి పోయింది, బొంత ఇల్లు కదలలేదు. పనిచేసిన చేతులకి దక్కింది మాత్రం ఒకటే. కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ బొమ్మలు, ఆదిలాబాద్ డోక్రా, వరంగల్ దరీలు - అన్నిటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అవన్నీ అమ్ముడుపోయే సరుకులు, వాటికి పేరున్న కళాకారులున్నారు. అమ్మకానికి రానిది చేతివృత్తి లెక్కలోకి రాదు, దాని చరిత్రా ఎక్కడా నమోదు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊళ్ళో, బానిసల వారసులైన నల్లజాతి ఆడవాళ్ళు పొలంలో వేసుకున్న పాత బట్టలతోనే తరతరాలుగా బొంతలు కుట్టుకున్నారు. 2002లో అవి హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చారు. గోడకెక్కడం మంచిదే. కానీ అవ్వ అడిగేది గోడ గురించి కాదని పని పూర్తయిన రోజు తెలిసింది.

ఆ రోజు చివరి చదరం మూసేశాక సందుగలో దొరికిన పాత బొంత అవ్వ ముందు పెట్టాను. చిరిగిన అంచులోంచి లోపల ఇంకో బొంత కనిపించింది, వేరే కుట్టుతో. పాత బొంత చిరిగితే పారెయ్యరు, దాని మీదే కొత్త చీర వేసి మళ్ళీ కుడతారు. లోపలిది బహుశా అమ్మమ్మ వాళ్ళమ్మది. తెల్లటి ముతక బట్ట, ఎడంగా వేసిన కుట్లు. మొత్తం విప్పి చూద్దామన్నాను. అడుగున ఏముందో, ఎవరి చీరో, ఏ కాలం నేతో చూడాలని నా ఆత్రం. అవ్వ బొంతని తన వైపు లాక్కుంది. "ఇప్పుతె మళ్ల ఎవలు కుట్టాలె?" అన్నది. చిరుగు మీద జనతా చీర ముక్క ఒకటి వేసి, గంటలో మూసేసింది.

వెళ్ళేముందు అమ్మ లోపలినుంచి అమ్మమ్మ చీరల్లో మంచిది ఒకటి తెచ్చింది, నిజంగానే ప్రేమతో. అవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"పాత చీర నాకొద్దు పంతులమ్మా. పైసలియ్యి."

పద్దెనిమిది రోజులు. పత్తి ఏరే కూలి ఎంత ఉందో ఆమే చెప్పింది, ఆ లెక్కనే ఇచ్చాం. అమ్మ మొహం కాస్త చిన్నబోయింది. అవ్వ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, "కుట్టు బాగనే నేర్సినవ్ బిడ్డా" అని నా వైపు చూసి నవ్వి వెళ్ళిపోయింది.

బొంత ఇప్పుడు హైదరాబాద్‌లో నా గదిలో ఉంది. ఒక అంచున నా వంకర వరసలు, మిగతా అంతా ఆమె గీతలు. చలి పెద్దగా లేకపోయినా కప్పుకుంటున్నాను. ఉతకాలంటే వాషింగ్ మెషీన్‌లో పట్టదు. ఊరికి తీసుకుపోవాలి.